పాత యిండ్లలో విద్యుత్తు: ఎర్తు ఆవశ్యకత

మన గ్రామములలో పెంకుటిండ్లు, మట్టిమిద్దెలు, దూలములమీద కప్పిన పాత డాబాలు నేటికిని పెక్కు నిలిచియున్నవి. వానిలో చాలవాటికి విద్యుత్తు 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడిన తరువాత, ముఖ్యముగా 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషను స్థాపింపబడిన పిమ్మటి దశాబ్దములలో వచ్చినది. ఆనాడు ఇంటికి కావలసినవి నాలుగు బల్బులు, ఒక పంకా, ఒక రేడియో. అన్నియు కలిపి 350 వాట్లు, అనగా ఒకటిన్నర ఆంపియరు. తీగెలు ఆ భారమునకే వేయబడినవి. నేడు అవే తీగెలమీద ఫ్రిజ్, మిక్సీ, గ్రైండరు, గీజరు, నీళ్ల మోటారు నడచుచున్నవి. ఒక్క ఇండక్షన్ పొయ్యియే 2000 వాట్లు, అనగా సుమారు 9 ఆంపియర్లు తీసికొనును.

ఈ విషయమై సభ్యులు సంఘ కార్యాలయమునకు వచ్చినపుడు మమ్ములను తరచుగా అడుగునది యిది: పాత తీగెలన్నియు ఊడదీసి క్రొత్తవి వేయవలయునా? అంత సొమ్ము లేనియెడల మొదట ఏది చేయవలయును? మా సమాధానము సూటిగానే చెప్పుచున్నాము. మొదట మంచి ఎర్తు, దానితోపాటు లీకేజిని పట్టి మెయినును విడదీయు ఆర్.సి.సి.బి.; తక్కినవి ఆ తరువాత. సాధారణముగా మనవారు దీనికి తలక్రిందులుగా చేయుచున్నారు. గోడలకు రంగు వేయించునపుడు అందమైన స్విచ్చి బోర్డులు, క్రొత్త ప్లగ్గులు పెట్టించి, ఎర్తు సంగతి వచ్చే ఏటికి వాయిదా వేయుచున్నారు.

ఫ్యూజు ఉన్నది గనుక భయము లేదని నమ్మువారు మనలో ఎక్కువ. కావున ముందు ఫ్యూజును గూర్చి చెప్పుదుము. పింగాణి కిట్‌క్యాటులో బిగించిన సన్నని తీగె, తనలోనుండి మితిమీరిన ప్రవాహము పోయినపుడు వేడెక్కి కరగి మార్గమును తెంచును. అది కాపాడునది గోడమీది తీగెను, ఆ తీగెద్వారా ఇంటిని, అగ్ని ప్రమాదమునుండి. మనుష్యుని కాదు. లెక్క చూడుడు. 60 వాట్ల బల్బు 230 వోల్టులవద్ద సుమారు 260 మిల్లీ ఆంపియర్లు తీసికొనును. అనగా ఆంపియరులో నాలుగవ వంతు. మన శరీరములోనుండి ఒక మిల్లీ ఆంపియరు పోయినచో చిమచిమలాడినట్లుండును. పది దాటినచో కండరములు బిగిసి, పట్టుకొన్నదానిని విడువ శక్యముగాదు. ముప్పది దాటినచో ఊపిరి కష్టమగును. ఏబది, నూరు మిల్లీ ఆంపియర్ల ప్రవాహము ఒకటి రెండు సెకండ్లు నిలిచినచో గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చును. తడిచేతులతో, ఉత్తకాళ్లతో నున్నవాని శరీర నిరోధము సుమారు వేయి ఓములనుకొన్నచో, అతనిలోనుండి పోవు ప్రవాహము 230 మిల్లీ ఆంపియర్లు. ఆ బల్బు తీసికొన్నంత కూడ కాదు. 5 ఆంపియర్ల ఫ్యూజు తీగె కరగుటకో, దానికి దాదాపు రెట్టింపు ప్రవాహము కావలయును. ఇంటివాని ప్రాణము పోవుచున్నను, ఫ్యూజునకు మరియొక బల్బు వెలిగినట్లే యుండును. ఇటీవల ఫ్యూజులకు బదులుగా వచ్చిన ఎం.సి.బి.యు ఈ యొక్క విషయమున ఫ్యూజువంటిదే.

ఇక ఎర్తు చేయు పని. ఫ్రిజ్, గ్రైండరు, మోటారు మొదలగు వాని లోపలి తీగెమీది పూత ఎక్కడనైన చెడినచో, ఫేజు ప్రవాహము వాని ఇనుప పెంకునకు వచ్చును. యంత్రము ఎప్పటివలె నడచుచుండును. చూచువారికి ఏ భేదమును కానరాదు. ఆ పెంకునుండి దళసరి తీగె యొకటి భూమిలోని గొట్టమునకు పోయియున్నచో, ప్రవాహము ఆ సులభమార్గమున దిగిపోవును. లేనియెడల, దానిని మొదట తాకిన మనుష్యుడే ఆ మార్గమగును. మూడు కాళ్ల ప్లగ్గులో పైనున్న లావుపాటి కాలు ఎర్తుది. అది తక్కిన రెంటికంటె పొడవుగా నుండుట ఊరక కాదు. ప్లగ్గు పెట్టునపుడు అన్నిటికంటె ముందు ఎర్తు తగులవలయును, తీయునపుడు అన్నిటికంటె వెనుక విడువవలయును అని ఆ యేర్పాటు. పాత ఇంటి రెండు రంధ్రముల సాకెట్టులో పట్టుటకై ఆ కాలిని రంపముతో కోయించుట, లేక రెండు కాళ్ల అడాప్టరు తగిలించుట మేము చాలచోట్ల చూచియున్నాము. ఫ్రిజ్ తలుపు పట్టుకొనునది ఎక్కువగా ఇంటి ఆడువారు, అదియు నీళ్ల చేతులతో.

ఎర్తు ఉన్నదనుకొనుట వేరు, పనిచేయు ఎర్తు ఉండుట వేరు. పూర్వము కొందరు ఎర్తు తీగెను ఇనుప నీటి గొట్టమునకు చుట్టి విడిచిరి. తరువాత ఆ గొట్టములు పాడై వాని స్థానమున ప్లాస్టిక్ గొట్టములు వచ్చినవి. తీగె మాత్రము అట్లే వ్రేలాడుచున్నది. మరికొన్ని ఇండ్లలో గోడప్రక్క జానెడు లోతున ఇనుప మేకు దిగవేసి దానినే ఎర్తు అనుచున్నారు. భారత ప్రమాణముల ప్రకారము ఇనుప గొట్టపు ఎర్తునకు లోపలి వ్యాసము 38 మిల్లీమీటర్లకు, పొడవు రెండున్నర మీటర్లకు తగ్గరాదు. గోడకు కనీసము ఒకటిన్నర మీటరు ఎడముగ పాతవలయును. చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుపొరలుగా నింపుట మనదేశమున వాడుక. ఉప్పు తడిని పట్టి యుంచును, నిజమే; అదే గొట్టమును తినివేయును గూడ. కావున ఇరువది, ముప్పది ఏండ్ల నాటి ఎర్తు గుంటను త్రవ్వి చూచిన, గొట్టము పైన గట్టిగా, క్రింద చిల్లులుపడి యుండవచ్చును. క్లాంపు బోల్టు త్రుప్పుపట్టి వదులగుట అంతకంటె సామాన్యము.

నేల స్వభావమును బట్టియు భేదమున్నది. కాలువ క్రింది తడి ఒండ్రు నేలలో ఎర్తు సులభముగా కుదురును. మొరము నేలలందు, రాతి నేలలందు కుదురుట కష్టము. నల్లరేగడి వానకాలమున బాగుగనే యుండి, ఎండకాలమున బీటలువారి గొట్టమును విడిచిపెట్టును. అందుచేత ఎర్తు గుంటలో వేసవియందు వారమునకొకమారు రెండు మూడు బిందెల నీరు పోయుట మంచిది. కొలతయు వేసవియందే తీయింపవలయును. శ్రావణమాసములో కొలిచి బాగున్నదని వ్రాసికొన్న ఎర్తు వైశాఖములో ఎట్లుండునో అది చెప్పదు.

అయినను, మంచి ఎర్తు ఒక్కటియే చాలునా? చాలదు. ఈ సంగతి వైర్‌మన్‌లు కూడ అందరును ఎరుగరు. ఎర్తు మార్గములోని మొత్తము నిరోధము 20 ఓములున్నదనుకొందము. మన నేలలందు అది విశేషమేమియు కాదు. మోటారు పెంకునకు ఫేజు తగిలినచో భూమిలోనికి పోవు ప్రవాహము 230ని 20చే భాగింపగా 11.5 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కరగదు. మోటారు పెంకు రెండువందల వోల్టులకు చేరువగా నుండి రాత్రింబవళ్లు అట్లే నిలిచియుండును. దినమునకు 63 యూనిట్లు భూమిలోనికి పోవును, వాని వెలయు మన బిల్లులో చేరును. కారణము తెలియకుండ ఒక నెల బిల్లు హఠాత్తుగా పెరిగినచో, మీటరును నిందించుటకు ముందు ఇంటిలో లీకేజి యున్నదేమో చూపించుకొనవలయునని మేము చెప్పునది ఇందుకే.

ఈ లోపమును తీర్చునదే ఆర్.సి.సి.బి. దీనిలోని కిటుకు కష్టమైనది కాదు. ఇంటిలోనికి వచ్చు ఫేజు తీగెయు, తిరిగిపోవు న్యూట్రలు తీగెయు ఒకే యినుప వలయములోనుండి పోవును. వచ్చినదంతయు తిరిగిపోయినచో రెండును సరిసమానమై వలయములో ఏ చలనమును ఉండదు. మధ్య ఎక్కడనైన కొంత ప్రవాహము భూమిలోనికో, మనుష్యునిలోనికో జారినచో, ఆ తేడాను వలయము పసికట్టి మెయినును పడవేయును. ఇంటికి తగినది 30 మిల్లీ ఆంపియర్లది. అంత తేడా వచ్చినచో సెకండులో మూడవవంతు లోపుననే, తేడా ఎక్కువైనచో ఇంకను వేగముగా తెగును. ఎర్తు నిరోధము 100 ఓములున్న చెడ్డ నేలలో కూడ, పెంకునకు ఫేజు తగిలినచో 2.3 ఆంపియర్లు జారును. ఇది 30 మిల్లీ ఆంపియర్లకు డెబ్బదిరెట్లకు మించినది. కావున మనుష్యుడు తాకుటకు ముందే మెయిను పడిపోవును. ఎర్తు, ఆర్.సి.సి.బి. రెండును కలసియుండవలయుననుట ఇందుచేతనే.

దీని పరిమితులును తెలిసికొనుడు. ఒక చేత ఫేజును, మరియొక చేత న్యూట్రలును పట్టుకొని ఎండిన బల్లమీద నిలిచినవానిని ఇది కాపాడదు. వచ్చినదంతయు తిరిగిపోవుచున్నది గదా. అధిక భారమును, షార్టు సర్క్యూటును ఇది ఆపదు, వానికి ఎం.సి.బి. వేరుగ నుండవలయును. దానిమీద పరీక్షకై చిన్న మీట యొకటి యుండును. నెలకొకమారు, కరెంటు బిల్లు కట్టిన దినముననే దానిని నొక్కి చూచుట వాడుక చేసికొన్నచో మరపు రాదు. నొక్కినపుడు పడనిది గోడకు అలంకారమే.

ఇప్పుడొక చిక్కు. పాత యింటికి ఆర్.సి.సి.బి. పెట్టినచో తరచుగా అది నిలువదు. ఎత్తిన వెంటనే పడిపోవును. రెండు దినములు చూచి, విసిగి, దానిని తప్పించి తీగెలను నేరుగా కలిపించుకొన్నవారు కలరు. ఇది కుక్క మొరుగుచున్నదని దానిని తరిమి దొంగకు తలుపు తీసినట్లున్నది. అది పడుటకు కారణము అది చెడినదగుట అరుదు. ఇంటిలో నిజముగా లీకేజి ఉండుటయే, లేక తీగెల కలయిక తప్పుగా నుండుటయే. టేకు రీపులమీద క్లిప్పులతో బిగించిన ఆనాటి రబ్బరు తీగెలు ఏండ్లు గడచినకొలది పెళుసెక్కి, వంచినచోట పొడిపొడిగా రాలును. పెంకుల సందున వాన కారిన గోడ తడిసినపుడు ఆ పగుళ్లలోనుండి ప్రవాహము గోడలోనికి దిగును. అటకమీద ఎలుకలు కొరికిన తీగెలు వేరుగ చెప్పనక్కరలేదు. ఒక గది న్యూట్రలును మరియొక గది తీగెలతో కలిపియుండుట, ఎర్తును న్యూట్రలుగా వాడుకొనుట కూడ దానిని పడవేయును.

ఈ కడపటిదానిని గూర్చి కొంత విపులముగ వ్రాయవలసియున్నది. గ్రామములలో న్యూట్రలు తీగె తెగిపోయినపుడు, లేక పంపుషెడ్డులో ఒక బల్బు కావలసినపుడు, ఒక ఫేజును తీసికొని రెండవ తీగెను భూమిలోని ఇనుప కడ్డీకి తగిలించి పని జరుపుకొనుట కలదు. బల్బు వెలుగును, అందుచే తప్పు చేసినట్లు తోచదు. కాని ఆ బల్బు ప్రవాహమంతయు ఇపుడు ఆ కడ్డీ చుట్టునున్న నేలలోనుండి పోవుచున్నది. నేల ఎండినను, కడ్డీ వదులైనను, ఆ రెండవ తీగె బల్బుద్వారా ఫేజుగా మారును. ఇంటిలో ఎర్తు తీగెనే యిట్లు వాడినచో, దానికి కలిపిన ఫ్రిజ్, గ్రైండరు, మోటారు అన్నిటి పెంకులకును ఒకేమారు ప్రవాహము ప్రాకును. రక్షణకై వేసిన తీగెయే ఇల్లంతటికి మృత్యువును పంచును. న్యూట్రలు పోయినపుడు చేయదగినది మెయిను ఆపి, 1912 అను సంఖ్యకు ఫోను చేసి పంపిణీ సంస్థవారిని పిలిపించుటయే. మూడు ఫేజుల సరఫరా గల ఊరిలో ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రలు విడిపోయినచో, 230 ఉండవలసినచోట 400 వోల్టులవరకు రావచ్చును. దీపములు ఉన్నట్లుండి మిక్కిలి తెల్లగ వెలుగుటయో, ఒక గదిలో వెలుగు హెచ్చి మరియొక గదిలో తగ్గుటయో దీని గుర్తు.

లీకేజి ఎక్కడ నున్నదో కనుగొనుటకు ఉపాయమున్నది. ఒక్కొక్క గది సర్క్యూటును విడదీసి, ఏది విడదీసినపుడు ఆర్.సి.సి.బి. నిలుచునో చూడవలయును. ఆ తరువాత మెగ్గరు అను యంత్రముతో, అన్ని యుపకరణములను తొలగించి, 500 వోల్టులవద్ద తీగెల పూత నిరోధమును కొలువవలయును. అది ఒక మెగఓమునకు తగ్గరాదు. తగ్గిన సర్క్యూటునే ముందుగా మార్చుట. ఈ విధముగ ఇల్లంతయు ఒకేమారు ఊడదీయ నవసరము లేకుండ, రెండు మూడు పంటలమీద పని ముగించుకొనవచ్చును. మార్చుటలో మా యెన్నిక ఇది: వంటయిల్లు, స్నానపు గది, నీళ్ల మోటారు ముందు, పడకగదులు, వరండా తరువాత. దీపములకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగె, ప్లగ్గులకు 2.5, గీజరు, ఎ.సి. వంటి వానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్లది, అన్నియు ఐ.ఎస్.ఐ. గుర్తు గలవి, ప్రతిదానివెంట ఆకుపచ్చ ఎర్తు తీగెతో. పాత అల్యూమినియము తీగె మిగిలియున్నచో దానిని రాగి తీగెతో మెలిపెట్టి టేపు చుట్టరాదు. తేమ తగిలినచో ఆ కీలు తినివేయబడి, వదులై, వేడెక్కును. ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగింతలగునని మరువరాదు. పాత తీగెమీద ఇండక్షన్ పొయ్యి పెట్టి, ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని రాగి పోగులు నాలుగు పేని వేయువారు, ఇక కరగవలసినది గోడలోని తీగె యని గ్రహించుట లేదు.

పాత బోర్డులలో మరియొక లోపము, స్విచ్చి న్యూట్రలు తీగెమీద నుండుట. స్విచ్చి ఆపినపుడు బల్బు ఆరును గాని హోల్డరులో ఫేజు అట్లే యుండును. బల్బు మార్చుచు షాకు తినువారిలో అనేకులకు కారణమిది. వైర్‌మన్ ప్రతి పాయింటును టెస్టరుతో చూచి దీనిని గంటలో సరిచేయగలడు. ఇన్వర్టరు ఉన్న యిండ్లలో, మెయిను ఆపినను ఇన్వర్టరు తీగెలలో ప్రవాహముండునని అతనికి ముందే చెప్పుడు.

గోడ లోపలి తీగెలకంటె ముందు గోడ బయట చూడవలసినది దండెము. బట్టలారవేయుటకు ఇనుప తీగెను సర్వీసు తీగె నిలిపిన గొట్టమునకో, రేకుల కప్పు ఇనుప వాసమునకో కట్టుచున్నారు. స్తంభమునుండి వచ్చు సర్వీసు తీగె గాలికి ఊగి గొట్టపు అంచున ఒరసికొని పూత పోయినచో, గొట్టము, కప్పు, దండెము మూడును ఒకటే. తడిబట్ట వేసిన చేయి దానికి తగులును. ఆమెను లాగవచ్చినవారును అంటుకొందురు. ఒకే యింట ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు వానకాలమున పత్రికలలో మనము చదువుచునే యున్నాము. దీనికి ఖర్చు ఏమున్నది? ఇనుప తీగె విప్పి నైలాను త్రాడో, కొబ్బరి త్రాడో కట్టుట. ఈ సంచిక అందిన దినముననే ఈ పని కావలయును. సర్వీసు తీగె ఒరసికొను చోటు మీటరునకు ముందు భాగము గనుక దానిని మనము ముట్టరాదు; 1912కు తెలుపవలయును.

ఎవరైన పట్టుబడినచో మొదట మెయిను ఆపుడు. ఆపుటకు వీలుకానిచో ఎండిన కర్రతో తీగెను తొలగింపుడు. ఉత్తచేతులతో మనిషిని ముట్టరాదు. విడిపించిన పిమ్మట ఊపిరి లేనియెడల 108కి ఫోను చేయించి, బండి వచ్చువరకు రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 మార్లు, సుమారు 5 సెంటీమీటర్లు అణగునట్లు గట్టిగా నొక్కుచుండవలయును. ఇసుకలో పాతిపెట్టుట మొదలగు వానివలన ప్రయోజనము లేదు, కాలము వృథా.

పై పనులను పర్మిటు గల వైర్‌మన్‌చేతనే చేయింపవలయును. అతనివద్ద మెగ్గరును, ఎర్తును కొలుచు యంత్రమును ఉన్నవా యని ముందుగా అడుగుడు; గ్రామములలో చాలమంది టెస్టరు, ప్లయరులతోనే పని ముగించుచున్నారు. ఈ రెండు యంత్రములును ఒక్క రైతు కొనదగినవి కావు. ఒక సంఘము కొనదగినవి. స్ప్రేయర్లను సభ్యులకు అద్దెకిచ్చు సంఘములు ఇవియు కొని యుంచినచో, వేసవిలో ఒక వైర్‌మన్‌ను కుదుర్చుకొని ఇంటింటి ఎర్తును, ఆ చేతనే చేనిలోని మోటారు ఎర్తును కొలిపించి పుస్తకములో వ్రాయించుట సాధ్యమగును. తీగెలు, ఆర్.సి.సి.బి.లు పది యిండ్లకు కలిపి ఒకేమారు కొనినచో ధర తగ్గుటయే గాక, నకిలీ సరకు అంటగట్టుటకు వీలుండదు. వచ్చు సర్వసభ్య సమావేశమునకు ఈ విషయమును చర్చకు పెట్టగోరు సభ్యులు కార్యదర్శిగారికి ముందుగా వ్రాసి యీయవలయును.